ఎల్ల దాటిన డివిడెండు

కంపెనీలో వాటా కొన్న గృహస్థునకు ఏటేట ముట్టు లాభాంశమును మనము డివిడెండు అనుచున్నాము. ఆ మాట వినగానే అది లక్షాధికారుల వ్యవహారమని తోచుట సహజము. కాని పింఛను నిధులలోను, బీమా నిధులలోను, మ్యూచువల్ ఫండులలోను పొదుపు వేసికొన్న సామాన్య కుటుంబములు సయితము నేడు తమకు తెలియకయే డివిడెండ్లపై ఆధారపడి యున్నవి. ఆ సొమ్ము ఒక దేశపు ఎల్ల దాటి మరియొక దేశమున ఉన్న వాటాదారుని చేరునప్పుడు దానిపై పన్ను వేయు హక్కు ఎవరిది? ఇంటి కంపెనీ పంచిన లాభమునకు ఒక న్యాయము, పొరుగు కంపెనీ పంచిన లాభమునకు వేరొక న్యాయము పాటింపవచ్చునా? ఈ ప్రశ్నలపై ఐరోపాలో నలుబది సంవత్సరములకు పైగా వ్యాజ్యములు నడచుచున్నవి. వార్తలలో మేము “ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పినది” అని ఒక్క వాక్యమున ముగించు సంగతి ఇది. ఆ వాక్యము వెనుక నున్న కథను, అది తేల్చిన దానిని, తేల్చక విడిచిన దానిని ఈ ప్రసంగమున వివరింప దలచితిమి.

ముందుగా డివిడెండు పన్నులోని చిక్కును తెలిసికొందము. ఒక కంపెనీ వ్యాపారము చేసి 100 రూపాయలు లాభము గడించినదనుకొందము. ఆ లాభముపై కంపెనీ తన పన్ను చెల్లించును. మిగిలిన దానిని వాటాదారులకు పంచును. అట్లు చేతికి వచ్చిన దానిపై వాటాదారు తన ఆదాయపు పన్ను చెల్లించును. చట్టము దృష్టిలో కంపెనీ వేరు, వాటాదారు వేరు. కనుక ఇవి ఇద్దరు కట్టు రెండు పన్నులు. వాటాదారు దృష్టిలోనన్ననో లాభము ఒక్కటే, దానిపై పడిన కోతలు రెండు. ఈ ఇరువురి మాటలోను సత్యమున్నది. అందుచేతనే పెక్కు దేశములు ఈ విషయమున ఒక్క పద్ధతిపై చిరకాలము నిలువలేదు.

ఉన్న పద్ధతులు స్థూలముగా మూడు. మొదటిది, రెండు పన్నులను దేని దారిన దానిని వేయుట. రెండవది, కంపెనీ కట్టిన పన్నును వాటాదారు ఖాతాలో జమ వేసి, అతని పన్నులో దానిని తగ్గించుట. దీనిని పన్ను జమ పద్ధతి అందము. మూడవది, డివిడెండులో కొంతభాగమునకో, అంతటికో పన్ను మినహాయించుట, లేదా దానికి తక్కువ రేటు పెట్టుట. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఫ్రాన్సు, జర్మనీ, బ్రిటను, ఫిన్లాండు, నార్వే మొదలగు దేశములు రెండవ పద్ధతిని ఏదో ఒక రూపమున ఆదరించినవి.

మన దేశమున 1997లో పంచు కంపెనీయే పన్ను కట్టి, వాటాదారునకు మినహాయింపు ఇచ్చు ఏర్పాటు వచ్చినది. నడుమ ఒక్క సంవత్సరము తప్ప అది 2020 వరకు సాగినది. 2020 ఏప్రిల్ 1 నుండి డివిడెండు మరల వాటాదారుని ఆదాయములో చేరుచున్నది. ఈ మార్పులు మంచివా కావా యనునది వేరు చర్చ. మనమిక్కడ గమనింపవలసినది ఒక్కటే. గుంటూరులోని వాటాదారునకు హైదరాబాదు కంపెనీ డివిడెండు ఇచ్చినను, ముంబయి కంపెనీ ఇచ్చినను వర్తించు చట్టము ఒక్కటే. ఏలనన వ్యవసాయేతర ఆదాయముపై పన్ను కేంద్రమునకు చెందినది. రాష్ట్రమునకొక ఆదాయపు పన్ను చట్టము ఉండి, ఒక్కొక్క రాష్ట్రము తన కంపెనీలను ముద్దుచేయుచు పొరుగు రాష్ట్రపు కంపెనీలను దూరముంచినచో ఎట్లుండునో ఊహించినచో, ఐరోపా చిక్కు మనకు తేటపడును.

1957 మార్చి 25వ తేదీన రోము నగరమున ఆరు దేశములు వ్రాసికొన్న ఒడంబడికతో ఐరోపా ఆర్థిక సమాజము ఏర్పడినది. అదియే పెరిగి నేడు 27 దేశముల ఐరోపా సమాఖ్య అయినది. వస్తువులు, మనుష్యులు, సేవలు, మూలధనము, ఈ నాలుగును సభ్యదేశముల నడుమ అడ్డులేక సంచరింపవలెననునది ఆ కూటమికి ప్రాణము. ఈ నాలుగింటిలో మూలధనమునకు స్వేచ్ఛ కడపట లభించినది. 1988 జూన్ 24 నాటి ఆదేశము మూలధనపు రాకపోకలపై నిర్బంధములను తొలగింపుమని సభ్యదేశములను శాసించి, అందుకు 1990 జూలై 1ని గడువుగా పెట్టినది. పిమ్మట ఆ సూత్రము ఒడంబడికలోనికే ఎక్కినది. నేడది 63వ అధికరణము.

అయినను ఆదాయపు పన్ను, కంపెనీ పన్ను సభ్యదేశముల చేతిలోనే నిలిచినవి. ఆ విషయమున సమాఖ్య అంతటికిని చెల్లు శాసనము చేయవలెనన్నచో సభ్యదేశములన్నియు ఏకగ్రీవముగా ఒప్పుకొనవలెను. ఒక్క దేశము కాదన్నను ప్రతిపాదన ఆగును. సొమ్మునకు ఎల్లలు లేవు, పన్నునకు ఎల్లలున్నవి. వ్యాజ్యములన్నియు ఈ వైరుధ్యము నుండియే పుట్టినవి. వానిని తీర్చు భారము లక్సెంబర్గు నగరమున నున్న ఐరోపా న్యాయస్థానముపై పడినది. ఆ న్యాయస్థానము మొదటి నుండియు ఒక సూత్రమును పట్టుకొని వచ్చుచున్నది: ఆదాయపు పన్ను వేయు అధికారము సభ్యదేశములదే, కాని ఆ అధికారమును ఒడంబడిక మేరలకు లోబడి వినియోగింపవలెను.

ఆ మేరలను 65వ అధికరణము చెప్పుచున్నది. నివాసమును బట్టి, పెట్టుబడి పెట్టిన చోటును బట్టి పన్ను చెల్లించువారిని వేరుగా చూడవచ్చునని అది ఒక చేత అనుమతించును. ఆ భేదము నిరంకుశమైన వివక్ష కారాదనియు, చాటున పెట్టిన నిర్బంధము కారాదనియు రెండవ చేత అడ్డగించును. మన రాజ్యాంగములోని 304వ అధికరణము ఈ భావమునకు దగ్గరి చుట్టము. ఇతర రాష్ట్రముల నుండి వచ్చు సరుకులపై రాష్ట్రము పన్ను వేయవచ్చును గాని, తన రాష్ట్రమున తయారగు అట్టి సరుకులకును వానికిని నడుమ వివక్ష చూపరాదని అది విధించుచున్నది. మనయొద్ద సరుకులకు చెప్పిన నీతిని ఐరోపా న్యాయస్థానము డివిడెండ్లకు చెప్పవలసి వచ్చినది.

తొలి తీర్పు 1986 జనవరి 28న వచ్చినది. ఫ్రాన్సులోని కంపెనీలు అందుకొను డివిడెండ్లకు ఆ ప్రభుత్వము పన్ను జమ ఇచ్చుచుండెను. ఇతర సభ్యదేశముల బీమా కంపెనీలు ఫ్రాన్సులో శాఖలు పెట్టి, అక్కడి కంపెనీల మాదిరియే పన్ను కట్టుచున్నను, వానికి ఆ జమ ఇచ్చుటలేదు. పన్ను వేయునప్పుడు ఇరువురిని సమానముగా చూచి, రాయితీ ఇచ్చునప్పుడు భేదము చూపుట చెల్లదని న్యాయస్థానము తేల్చినది. అప్పటికి మూలధనపు స్వేచ్ఛ పూర్తిగా రాలేదు. ఆ తీర్పు వ్యాపార స్థాపన స్వేచ్ఛపై నిలిచినది. కాని రాబోవు తీర్పులకు బాట వేసినది.

మూలధనపు స్వేచ్ఛ పేరిట డివిడెండు పన్నును నిలదీసిన తీర్పు 2000 జూన్ 6న వెలువడినది. నెదర్లాండ్సులో నివసించు ఒక ఉద్యోగికి, తాను పనిచేయు సంస్థకు మాతృసంస్థయైన బెల్జియం కంపెనీలో వాటాలుండెను. నెదర్లాండ్సు చట్టము డివిడెండులో 1,000 గిల్డరుల వరకు, దంపతులకు 2,000 గిల్డరుల వరకు పన్ను మినహాయించుచుండెను. కాని ఆ డివిడెండు నెదర్లాండ్సు కంపెనీ ఇచ్చినదై యుండవలెను. ఉద్యోగికి మినహాయింపు నిరాకరింపబడినది. ప్రభుత్వము రెండు కారణములు చూపినది. ప్రజలు స్వదేశపు కంపెనీలలో మదుపు పెట్టునట్లు ప్రోత్సహింపవలెననునది ఒకటి. మా ఖజానాకు కంపెనీ పన్ను కట్టని సంస్థ ఇచ్చు డివిడెండుపై మేమేల పన్ను వదలుకొనవలెననునది రెండవది.

న్యాయస్థానము రెండింటిని త్రోసిపుచ్చినది. కేవలము ఆర్థిక ప్రయోజనము కొరకు మౌలిక స్వేచ్ఛను అడ్డగించుట తగదనియు, ఖజానాకు రాబడి తగ్గుననుట సమర్థన కాదనియు చెప్పినది. ఇట్టి నిబంధనకు రెండు వైపుల పదునున్నదని కూడ చూపినది. ఒకవైపు అది ఇంటి మదుపరిని పొరుగు కంపెనీలో వాటా కొననీయదు. మరియొకవైపు పొరుగు కంపెనీ ఈ దేశమున మూలధనము సేకరించుకొనుటకు అడ్డు నిలుచును. ఒక ఉద్యోగి వేయి గిల్డరుల మినహాయింపునకై నడిపిన వ్యాజ్యము ఐరోపా ఖజానాల నన్నింటిని కలవరపెట్టినది.

పన్ను జమ పద్ధతికి పెద్ద పరీక్ష 2004 సెప్టెంబరు 7న జరిగినది. ఫిన్లాండులో నివసించు ఒక వాటాదారునకు స్వీడను కంపెనీలో వాటాలు కలవు. అంకెలతో చూచినచో విషయము స్పష్టమగును. ఫిన్లాండు కంపెనీ 100 యూరోల లాభముపై 29 పన్ను కట్టి 71 పంచును. వాటాదారునకు ఆ 29 జమ పడును. అతని ఆదాయమును 100గా లెక్కించి, 29 శాతము పన్ను వేసి, జమయైన 29 తీసివేయుదురు. ఇక కట్టవలసినది లేదు. చేతిలో 71 నిలుచును. స్వీడను కంపెనీయైనచో 100 లాభముపై 28 పన్ను కట్టి 72 పంచును. జమ లేదు. 72పై 29 శాతము, అనగా 20.88 పోగా చేతిలో నిలుచునది 51.12 మాత్రమే. మూలమున స్వీడను పట్టుకొను పన్నును ఫిన్లాండు తన పన్నులో తగ్గించుచుండెను గనుక ఈ మొత్తము మారదు. ఇంచుమించు ఒకే పన్ను కట్టిన రెండు కంపెనీలలో ఒకదాని వాటాదారునకు 20 యూరోలు తక్కువ.

ఫిన్లాండు వాదము తేలికగా కొట్టివేయదగినది కాదు. “జమ ఇచ్చుట దానము కాదు, మా ఖజానాకు వచ్చిన పన్నునే మరల లెక్కించుచున్నాము. స్వీడనుకు కట్టిన పన్నును మేమేల తిరిగి ఇయ్యవలెను?” అని ఆ ప్రభుత్వము ప్రశ్నించినది. దీనికి పన్ను వ్యవస్థ పొందిక యను పేరు పెట్టిరి. న్యాయస్థానము జమ యొక్క ఉద్దేశమును పట్టుకొని సమాధానము చెప్పినది. లాభముపై రెండు కోతలు పడకుండుటయే జమ ప్రయోజనమైనచో, మొదటి కోత ఏ దేశమున పడినను వాటాదారుని స్థితి ఒక్కటే. కనుక స్వీడను కంపెనీ వాస్తవముగా కట్టిన పన్నును లెక్కకు తీసికొని జమ ఇయ్యవలెను. మన ఉదాహరణమున ఆదాయము 100, పన్ను 29, జమ 28, కట్టవలసినది 1, చేతిలో నిలుచునది 71. పొందిక చెడలేదు, భేదము పోయినది.

ఇంతవరకు చెప్పినది దేశమునకు వచ్చు డివిడెండును గూర్చి. దేశమును విడిచి పోవు డివిడెండుల మాట యేమి? నార్వే ఐరోపా సమాఖ్యలో లేదు గాని, ఐరోపా ఆర్థిక మండల ఒప్పందము వలన మూలధనపు స్వేచ్ఛకు కట్టుబడినది. అచ్చటి వ్యాజ్యములకు వేరొక న్యాయస్థానము కలదు. 2004 నవంబరు 23న ఆ న్యాయస్థానము ఫోకస్ బ్యాంకు కేసున తీర్పు చెప్పినది. నార్వే తన నివాసులైన వాటాదారులకు పన్ను జమ ఇచ్చుచు, జర్మనీలోను బ్రిటనులోను ఉన్న వాటాదారులకు జమ లేకయే మూలమున పన్ను పట్టుకొనుచుండెను. ఇది చెల్లదని తేలినది. వాటాదారుని స్వదేశము కనికరించి ఆ పన్నును సర్దుబాటు చేయవచ్చును గాని, ఆ కనికరము నార్వే చూపిన వివక్షకు ప్రాయశ్చిత్తము కాదు.

ఐరోపా న్యాయస్థానము సయితము 2006 డిసెంబరు 14న డెంకావిట్ కేసున ఈ మార్గమునే త్రొక్కినది. ఫ్రాన్సులోని అనుబంధ కంపెనీ తన దేశపు మాతృసంస్థకు డివిడెండు ఇచ్చినచో అది దాదాపు పన్ను లేకయే చేరుచుండెను. నెదర్లాండ్సులోని మాతృసంస్థకు ఇచ్చినచో ఉభయ దేశముల ఒప్పందము ప్రకారము 5 శాతము మూలమున పట్టుబడుచుండెను. నెదర్లాండ్సు ఆ డివిడెండుపై పన్నే వేయదు గనుక ఆ 5 శాతమును తగ్గించుకొనుటకు అచ్చట పన్ను లేదు. ఒప్పందము కాగితముపై ఉన్నను భారము తొలగలేదు. కావున ఫ్రాన్సు పద్ధతి తప్పని తీర్పు వచ్చినది. 2007 నవంబరు 8న, పోర్చుగలు కంపెనీకి వెళ్లు డివిడెండుపై నెదర్లాండ్సు పట్టుకొనిన 25 శాతపు పన్ను విషయమునను ఇదే మాట చెప్పబడినది. ఒప్పందము నిజముగా భేదమును మాపినచో లెక్కకు వచ్చును, మాపనిచో రాదు.

అట్లయినచో దేశములన్నియు ఒకే పద్ధతి నవలంబింపవలెనా? అక్కరలేదు. 2006 డిసెంబరు 12న బ్రిటను కంపెనీల సామూహిక వ్యాజ్యమున న్యాయస్థానము ఈ సంగతి విశదీకరించినది. స్వదేశపు డివిడెండుకు పూర్తి మినహాయింపు ఇచ్చి, పరదేశపు డివిడెండుకు పన్ను వేసి, అచ్చట కట్టిన కంపెనీ పన్నును జమ ఇచ్చుట తప్పు కాదు. అయితే పరదేశపు దానిపై రేటు హెచ్చుగా ఉండరాదు. జమ తక్కువ కారాదు. దారులు రెండైనను చేరు ఫలితము ఒక్కటి కావలెను. బ్రిటను 2009లో తన చట్టమును మార్చి, కంపెనీలు అందుకొను డివిడెండ్లలో స్వదేశ పరదేశ భేదమును చాలవరకు తీసివేసి, మినహాయింపునే విస్తరింపజేసినది. తరువాత 2020 జనవరి 31న ఆ దేశము సమాఖ్యను విడిచినను, పాత సంవత్సరముల పన్ను వాపసుల వ్యాజ్యములు దాని న్యాయస్థానములలో సాగుచునే వచ్చినవి.

ఇంతవరకు విన్న శ్రోతలు, ఇక ఎల్ల దాటిన డివిడెండుకు కష్టములు తీరినవని భావింపవచ్చును. అది సరికాదు. 2006 నవంబరు 14 నాటి తీర్పు చూడుడు. బెల్జియములో నివసించు దంపతులకు ఫ్రాన్సు కంపెనీ నుండి డివిడెండు వచ్చినది. లెక్కను సులభము చేసి చెప్పెదము. 100 యూరోల డివిడెండుపై ఫ్రాన్సు మూలమున 15 పట్టుకొనును, 85 మిగులును. దానిపై బెల్జియము 25 శాతము, అనగా 21.25 తీసికొనును; చేతికి 63.75 వచ్చును. బెల్జియము కంపెనీయే 100 ఇచ్చినచో 25 పోగా 75 మిగులును. గోరుచుట్టుపై రోకటి పోటు వలె కంపెనీ పన్ను, ఫ్రాన్సు పన్ను, బెల్జియము పన్ను ఒకే లాభముపై వచ్చిపడినవి. న్యాయస్థానము ఏమి చెప్పినది? బెల్జియము తన వాటాదారులందరకు 25 శాతమే వేయుచున్నది. ఇంటి డివిడెండు, పొరుగు డివిడెండు అను భేదము చూపలేదు. అధిక భారము రెండు దేశములు తమ తమ అధికారమును ఒకేసారి వినియోగించుట వలన కలిగినది. అందు ఏ ఒక్కరి దోషమును లేదు. దానిని సరిచేయుట దేశముల ఒప్పందముల పని గాని న్యాయస్థానము పని కాదు. 2009 జూలై 16న మరియొక బెల్జియము వ్యాజ్యమున ఈ మాటయే మరల చెప్పబడినది.

ఇందలి న్యాయసూక్ష్మము గ్రహింపదగినది. రెండు సుంకపు కట్టలు దాటి సంతకు పోవు రైతును తలచుకొనుడు. ఒక్కొక్క కట్టలోను స్థానికునకు ఎంతో అతనికిని అంతే సుంకము. ఏ కట్టలోను అతనికి అవమానము జరుగలేదు. కాని ఒకే బండి సరుకునకు అతడు రెండుమార్లు చెల్లించెను. ఇట్టి ద్వంద్వ పన్నును తొలగించుటకు చర్చలు జరుపుకొనవలెనని రోము ఒడంబడికలోని 220వ అధికరణము సభ్యదేశములకు చెప్పినది. ఆ అధికరణమే 2009లో అమలునకు వచ్చిన లిస్బను ఒడంబడికతో పాఠము నుండి తొలగిపోయినది. పెద్ద వాటాలు గల కంపెనీలకు మాత్రము వేరు రక్ష కలదు. 1990లో వచ్చిన మాతృసంస్థల ఆదేశము ప్రకారము, మొదట 25 శాతము, నేడు 10 శాతము వాటా ఉన్న కంపెనీల నడుమ డివిడెండుపై మూలమున పన్ను పట్టుకొనరాదు. చిల్లర వాటాదారునకు అట్టి గొడుగు లేదు.

ఇంతకంటె ముఖ్యమైన పర్యవసానము మరియొకటి కలదు. భేదము చూపరాదని న్యాయస్థానము శాసించినది. ఏ దిశగా సమానము చేయవలెనో శాసింపలేదు. పొరుగువానికి రాయితీ ఇచ్చి సమానము చేయవచ్చును, ఇంటివాని రాయితీ ఊడబెరికియు సమానము చేయవచ్చును. ప్రభుత్వములు పెక్కుమార్లు రెండవ దారినే పట్టినవి. జర్మనీ 2001లోనే పన్ను జమను వదలినది. ఫ్రాన్సు, ఫిన్లాండు 2005 నుండి, నార్వే 2006 నుండి ఆ పద్ధతికి స్వస్తి చెప్పినవి. దీనికి పోటీ, పన్ను రేట్ల తగ్గింపు మొదలగు ఇతర కారణములును ఉన్నవి. తీర్పులే సమస్తమునకు మూలమనుట అతిశయోక్తి. కాని ఎల్లల కావలి వారికి కూడ జమ ఇయ్యవలసి వచ్చునను భయము ఆ నిర్ణయములలో పనిచేసినదనుటలో సందేహము లేదు.

జర్మనీ కథ ఇందుకు తార్కాణము. ఆ దేశపు కంపెనీలు అందుకొను డివిడెండ్లు దాదాపు పన్ను లేకుండ ఉండెను. పరదేశపు కంపెనీలకు పోవు డివిడెండ్లపై మాత్రము మూలమున పన్ను పట్టుబడి అక్కడనే నిలిచిపోవుచుండెను. ఇది తప్పని 2011 అక్టోబరు 20న తీర్పు వచ్చినది. 2013లో జర్మనీ చట్టము మార్చినది. ఎట్లు? పరదేశపు కంపెనీల పన్ను తీసివేసి కాదు. 10 శాతము కంటె తక్కువ వాటా గల తన కంపెనీలకును ఆ మినహాయింపును రద్దుచేసి. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినదను సామెత ఇచ్చట అక్షరాల సరిపోవును.

ఫ్రాన్సు అనుభవము మరియొక తీరు. పరదేశపు మదుపు నిధులకు పోవు డివిడెండ్లపై మూలమున పన్ను పట్టుకొని, స్వదేశపు నిధులను విడిచిపెట్టుట చెల్లదని 2012 మే 10న ఐరోపా న్యాయస్థానము చెప్పినది. తగ్గిన రాబడిని పూరించుకొనుటకు ఫ్రాన్సు అదే సంవత్సరము కంపెనీలు పంచు లాభములపై 3 శాతపు అదనపు పన్ను పెట్టినది. 2017 మే నెలలో ఐరోపా న్యాయస్థానము అది మాతృసంస్థల ఆదేశమునకు విరుద్ధమనెను. అక్టోబరులో ఫ్రాన్సు రాజ్యాంగ మండలి దానిని కొట్టివేసెను. కంపెనీలకు తిరిగి ఇయ్యవలసిన మొత్తము సుమారు 1,000 కోట్ల యూరోలకు చేరినది. అందుకై పెద్ద కంపెనీలపై ఒక ప్రత్యేక పన్ను వేయవలసివచ్చినది. ఒక లోపమును మరియొక లోపముతో పూడ్చబోయిన ఖజానాకు కలిగిన నష్టమిది.

మనకు దీనితో ఏమి సంబంధమని అడుగవచ్చును. మూలధనపు స్వేచ్ఛకు ఇతర మూడు స్వేచ్ఛలకు లేని విశేష మొకటి కలదు. 63వ అధికరణము సభ్యదేశముల నడుమనే గాక, సభ్యదేశములకును వెలుపలి దేశములకును నడుమ సయితము మూలధనమును అడ్డగింపరాదనుచున్నది. 2014 ఏప్రిల్ 10న న్యాయస్థానము పోలండు వ్యవహారమున ఒక అమెరికా మదుపు నిధికి ఈ సూత్రము వర్తించునని తేల్చినది. అయితే ఆ దేశముతో పన్ను సమాచారము ఇచ్చిపుచ్చుకొను ఒప్పందము ఉండుట ముఖ్యమని చెప్పినది. ఐరోపా కంపెనీలలో వాటాలు కొను భారతీయ నిధులకు సయితము ఈ వాదము సూత్రరీత్యా తెరచియున్న ద్వారమే. ఐరోపాలో స్థిరపడి ఉద్యోగములు చేయుచు అచ్చట పొదుపు చేసికొను మన తెలుగువారికన్ననో ఇది దినదిన వ్యవహారము. నివసించు దేశము వేరు, వాటా ఉన్న కంపెనీ దేశము వేరు అయినప్పుడు, ఏ పన్ను ఎచ్చట జమకు వచ్చునో, ఏది వాపసు కోరదగినదో వారు విచారించుకొనవలెను.

వాపసు అనునది మాటలలో సులభము, ఆచరణమున కష్టము. ఒప్పందము ప్రకారము 15 శాతమే పట్టుకొనవలసియున్నను, మొదట హెచ్చు రేటున పట్టుకొని, మిగిలినది దరఖాస్తుపై ఇచ్చు దేశములున్నవి. ఆ దరఖాస్తుకు నివాస ధ్రువపత్రములు, బ్యాంకు పత్రములు, పరభాషా ఫారములు కావలెను. కొద్దిపాటి డివిడెండు గల మదుపరి శ్రమకు జంకి సొమ్ము వదలుకొనును. ఈ బాధను తగ్గించుటకు 2024 డిసెంబరు 10న సభ్యదేశముల మంత్రి మండలి ఒక ఆదేశమును ఆమోదించినది. ఎలెక్ట్రానిక్ పద్ధతిని నివాస ధ్రువపత్రమును, శీఘ్రముగా వాపసు ఇచ్చు ఏర్పాటును అది నిర్దేశించుచున్నది. 2030 జనవరి 1 నుండి దాని నిబంధనలు వర్తించును. అది విధానమును సులభము చేయును గాని, పన్ను రేటును మార్చదు. రెండు దేశములు పన్ను వేయుటను ఆపదు.

కావున దేశముల డివిడెండు పన్నులు ఐరోపా స్వేచ్ఛా సూత్రమునకు అనుగుణముగా నున్నవా యను ప్రశ్నకు సమాధానము రెండు భాగములుగా చెప్పవలెను. ఇంటి డివిడెండుకు ఒక లెక్క, పొరుగు డివిడెండుకు ఒక లెక్క పెట్టిన పాత పద్ధతులు చాలవరకు ఆ పరీక్షలో తప్పినవి, మారినవి. నేటి పద్ధతులు పెక్కు ఆ పరీక్షలో నెగ్గగలవు. కాని నెగ్గినంతమాత్రమున వాటాదారుని భారము తగ్గినదని అర్థము కాదు. సమానత వేరు, ఉపశమనము వేరు. న్యాయస్థానము మొదటిదానిని ఇయ్యగలిగినది. రెండవది దేశములు కూర్చుండి ఒకరి పన్నును మరియొకరు గుర్తించుటకు ఒప్పుకొన్ననాడే లభించును.

ఈ కథలో తప్పెవరిదని తీర్పు చెప్పుట మా పని కాదు. పన్ను వేయు అధికారము ప్రజలు ఎన్నుకొన్న శాసనసభలది. దానిని న్యాయమూర్తులు తీర్పు తీర్పుగా చెక్కుట మంచిది కాదనువారు అచ్చట పలువురున్నారు. శాసనసభలు ఏకగ్రీవము కుదురక మిన్నకున్నప్పుడు, నష్టపోయిన పౌరుడు న్యాయస్థానపు తలుపు తట్టక ఏమి చేయుననువారును ఉన్నారు. మాకు తోచునది ఇంతమాత్రము. మదుపును ఎల్లలు దాటుమని పిలిచిన కూటమి, అది తిరిగి వచ్చు దారిలో ఎన్ని చోట్ల ఎంత కోత పడునో ముందుగా తేల్చి చెప్పవలసిన బాధ్యతను ఇంకను పూర్తిగా నెరవేర్చలేదు. వార్తలలో ఇకముందు ఈ విషయమై మరియొక తీర్పు వినవచ్చినప్పుడు, అది భేదమును గూర్చినదా, ద్వంద్వ పన్నును గూర్చినదా యని శ్రోతలు మొదట ప్రశ్నించుకొందురు గాక. ఫలితము ఎట్లుండునో ఆ ఒక్క ప్రశ్నయే చాలవరకు తెలుపును.